ఉమ్ అలీ తల ఊపింది

సెప్టెంబర్ 14, ఆదివారం. హుఫూఫ్

ఇవాళ ఆఫీసులో నాకు కొత్త బిరుదు తగిలించారు. కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ లీడ్. నిన్నటిదాకా మ్యాపులకు రంగులు వేసుకునేదాన్ని, ఇవాళ్టి నుంచి ప్రజలను అడిగేదాన్ని. జీతం మాత్రం రంగులు వేసేదే.

ఉమామహేశ్వరరావు గారు పిలిచి తలుపు వేశారు. కాకినాడ మనిషి, జన్మంతా రోడ్లు వేసినవాడు, మా ప్రాజెక్టుకు పెద్ద. ఆయన తలుపు వేశారంటే మంచి కబురైనా చెడ్డ కబురైనా చాకిరీ మాత్రం మనకే.

"చూడమ్మా మంగా, ఈ ముహాఫజాకి గ్రోత్ ప్లాన్ చేస్తున్నాం కదా. ఏ ఊరెటు పెరగాలి, ఏ రోడ్డెటు పోవాలి, అంతా అయిపోయింది. ఒక్కటే మిగిలింది. ప్రజల్ని అడగాలిట."

"అంతా అయిపోయాక అడగడం ఏమిటి సర్?"

"అడక్కపోతే రియాద్ కమిటీ ఒప్పుకోదు. మనం అడగాలి, వాళ్ళు ఔననాలి. కన్సల్టేషన్ అంటే అదేనమ్మా."

ముహాఫజా అంటే మన మండలం కంటే పెద్దది, జిల్లా కంటే చిన్నది. చుట్టూ ఇసక, మధ్యలో ఖర్జూర తోటలు, తోటల మధ్య పల్లెలు. మగవాళ్ళ మీటింగులు రావు గారు ముగించేశారు. బలదియా హాల్లో, అంటే ఇక్కడి మున్సిపాలిటీలో, అందరికీ కబ్సా, అంటే మాంసం అన్నం, పెట్టారు. తిన్నారు, ఒప్పేసుకున్నారు. ఇక మిగిలింది ఐన్ హమామా అనే పల్లె. అక్కడ చిక్కొచ్చింది. కొత్త ఆసుపత్రి రోడ్డు, మా ప్లానులో ఎర్రగీత, సరిగ్గా ఒక ఖర్జూర తోట నడుమ నుంచి పోతుంది. ఆ తోట మగవాళ్ళది కాదు. ఉమ్ ఫహద్ అనే పెద్దావిడకూ, ఆవిడ అక్కచెల్లెళ్ళకూ తల్లి తరఫున వచ్చింది. ఆడవాళ్ళు ఊఁ అంటేనే గీత నిలుస్తుంది. మా ఆఫీసులో ఆడవాళ్ళ మజ్లిస్‌లోకి, అంటే వాళ్ళు కూడి కూర్చునే గదిలోకి, వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే.

"వాళ్ళు ఒప్పుకుంటే నీ కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగిస్తా. లేకపోతే డిసెంబర్‌తో..." అని ఆయన చేత్తో విమానం ఎగిరినట్టు చూపించారు.

ఖఫ్జీలో ఆయిల్ ఫీల్డులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు జనాన్ని అడగడమా? ఇంట్లో ఏం కూర వండాలో కూడా అడగవు కదా" అన్నాడు. పెట్టేశాను.

సెప్టెంబర్ 17, బుధవారం

గెలిచాను. రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు.

పొద్దున్నే ఆసిఫాను తీసుకుని ఐన్ హమామా వెళ్ళాను. ఆసిఫాది ప్రొద్దుటూరు. హుఫూఫ్‌లో ఆడవాళ్ళ క్లినిక్కు కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చుని అరబ్బీ మింగేసిన మనిషి. ఆఫీసు వాళ్ళు దుబాసీగా పెట్టారు. ఒకటే చిక్కు. ఆవిడ నోట్లోంచి వచ్చేసరికి ఈ హసా ప్రాంతపు ముసలమ్మలంతా ప్రొద్దుటూరు భాషే మాట్లాడతారు. నా చెవికి ఇప్పుడు అరబ్బు దేశం మొత్తం కడప జిల్లాలోనే ఉంది.

తారురోడ్డు దిగాక మట్టిబాట. డ్రైవర్ ఇష్తియాక్ పాతబస్తీ మనిషి. "మేడం, ఈ బాటల బండి నడిపినందుకు నాకు కమ్యూనిటీ అలవెన్స్ ఇయ్యాలె" అన్నాడు. నడుము విరిగింది గాని, తోట చూడగానే మాట పడిపోయింది. ఇంత ఎండలో అంత నీడ! కింద నిమ్మ, దాని కింద జొన్నగడ్డి, పైన గెలలు దించుకుంటున్న ఖర్జూరాలు.

ఉమ్ ఫహద్ ఇంటి మజ్లిస్ నిండా ఆడవాళ్ళు. పెద్దావిడ కర్ర పట్టుకుని మధ్యలో కూర్చుంది. మొదట నా పేరు అడిగింది. "అలివేలుమంగ" అన్నాను. గదిలో పెద్ద చర్చ లేచింది.

"ఇందులో అలీ ఎవరు అంటాండారక్కా. మీ నాయనా, మీ ఆయనా అని."

"ఎవరూ కాదే, అమ్మవారి పేరు అని చెప్పు."

ఆసిఫా ఏం చెప్పిందో తెలియదు, మొత్తానికి నాకు అలీ అనే కొడుకున్నాడని తేల్చారు. అప్పటి నుంచి నేను ఉమ్ అలీ, అంటే అలీ వాళ్ళమ్మను. ఆ పేరుతో ఇక్కడ పాలూ రొట్టే కలిపి చేసే ఒక తీపి వంటకం కూడా ఉందట. బిడ్డ లేకుండా తల్లినయ్యాను, పొయ్యి ఎక్కకుండా పాయసమయ్యాను.

మ్యాపు గోడకు అంటించాను. ఆకుపచ్చ బిళ్ళ అంటిస్తే సమ్మతం, ఎర్ర బిళ్ళ అంటిస్తే అసమ్మతం. ఆసిఫా వాటిని బొట్టుబిళ్ళలు అంటుంది. నేను ఆసుపత్రి గురించీ, రాబోయే కాలం గురించీ, ఇక్కడి ఊళ్ళు ఎలా పెరుగుతాయో దాని గురించీ ఉపన్యాసం దంచాను. ఉమ్ ఫహద్ కోడలు నూరా కాఫీ పోస్తూ తిరుగుతోంది. చిన్న గిన్నె ఖాళీ అయ్యేలోపే నింపుతుంది, కదిలించి ఇస్తే గాని ఆపదు. నాకా సంగతి నాలుగో గిన్నెకి తెలిసింది.

మధ్యలో ఉమ్ ఫహద్ లేచింది. కర్ర తీసి ఎర్రగీత మీద పెట్టి, నా కళ్ళలోకి సూటిగా చూసి ఏదో అడిగింది. నేను ఎప్పటిలాగే, వింటున్నానమ్మా, ఆఁ ఆఁ, అవునవును అన్నట్టు తల ఊపాను. ఆసిఫా నోరు తెరిచేలోపే గదంతా కలకలం. ఒకావిడ నాలుక ఆడిస్తూ కేరింత కొట్టింది. ఉమ్ ఫహద్ నా తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

"ఏమడిగిందే?"

"ఈ రోడ్డు మా తోటలోంచి వస్తాదా అని అడిగె. నువ్వు చెప్పేస్తివి గదా."

చెప్పేశాను! మొహం మీద చెప్పేశాను, దాపరికం లేకుండా. చెప్పినందుకు ముద్దు పెట్టారు. మా తెనాలిలో కాలవగట్టున రెండడుగులు రోడ్డుకు అడిగితే అన్నదమ్ములు కోర్టుకెళ్ళి, కోర్టులోనే ముసలివాళ్ళయ్యారు. ఇంత సంతోషంగా తోట వదులుకునే జనం ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు. బిళ్ళల కోసం ఎగబడ్డారు. మ్యాపంతా ఆకుపచ్చ. నూరాకు మాత్రం బిళ్ళ ఇవ్వలేదు, కాఫీ పోస్తోంది కదా, ఆ ఇంటి ఓటు అత్తగారు వేసేసింది కదా అని.

తర్వాత ఎర్ర బియ్యం అన్నం, మాంసం. నేను శాకాహారిని అంటే పాపం అనుకుని రెండింతల ఖర్జూరాలు పెట్టారు.

సెప్టెంబర్ 18, గురువారం

రావు గారు ఆఫీసందరికీ మెయిల్ పెట్టారు. అందులో నన్ను "అవర్ ఓన్ మంగా" అన్నారు.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఫొటోల కోసం ఐన్ హమామా వెళ్ళాను. నవ్వి నవ్వి పొట్ట చెక్కలైంది.

ఉమ్ ఫహద్ తోటలో కొత్త పిలకలు నాటిస్తోంది. ఖర్జూరం మొదట్లో వచ్చే పిల్లమొక్కలు. వరసగా, తాడు కట్టి మరీ. ఎక్కడ అనుకున్నావు? సరిగ్గా మన ఎర్రగీత వెళ్ళే చోట! చూడగానే అర్థమైపోయింది. మనవాళ్ళే! మా వైపు రోడ్డు వస్తుందని వాసన తగిలితే చాలు, రాత్రికి రాత్రి టేకు మొక్కలు లేస్తాయి, బోర్లు పుడతాయి, పశువుల కొట్టానికి సున్నం పడుతుంది. నష్టపరిహారం చెట్టు లెక్కన ఇస్తారు మరి. ఎడారిలో కూడా తెలివి ఒకటేనన్నమాట.

"బాగుంది, బాగుంది, ఇంకా దగ్గరదగ్గరగా నాటండి" అన్నాను. ఆసిఫా అది అరబ్బీలో చెప్పింది. ఉమ్ ఫహద్ నన్ను వాటేసుకుని, దగ్గరగా నాటితే చెట్టు ఎదగదని బోధ చేసింది. ఎంత నటన! నేను కన్ను కొట్టాను. ఆవిడ నా కంట్లో ఇసక పడిందనుకుని నీళ్ళు తెప్పించింది.

అక్టోబర్ 2, గురువారం

కాంట్రాక్టు కాగితం హెచ్.ఆర్.కి వెళ్ళిందట. మా ఆయన రెండేళ్ళలో ఒంగోలు ఫ్లాటు అప్పు తీరిపోతుందంటూ ఫోన్‌లోనే పాట పాడాడు. పాట ఘోరం. సంతోషం నిజం.

అక్టోబర్ 8, బుధవారం

ఆసిఫా ఫోన్. "అక్కా, ముసలామె సర్వేవోళ్ళ మేకులు పీకేసినాదంట. తోటలో కూర్చుండాదంట. నిన్ను పిల్చుకోని రమ్మంటాంది."

వెళ్ళాను. ఉమ్ ఫహద్ తోట మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పీకిన మేకులన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సర్వే వాళ్ళు దూరంగా నీడలో నిలబడ్డారు. నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"వచ్చె ఉమ్ అలీ. ఈమెనే అడగండి. రోడ్డు మా తోటలోంచి రాదని ఈమెనే నాకు చెప్పింది, అంటాంది అక్కా."

"నేనెప్పుడు చెప్పానే?"

ఆసిఫా అడిగింది. పెద్దావిడ మాట్లాడలేదు. చేసి చూపించింది. నా మొహం పెట్టి, నా నవ్వు నవ్వి, మెడ మీద తలని అటూ ఇటూ మెల్లగా ఆడించింది. ఇంట్లో పెళ్ళిచూపుల వీడియోలో కూడా నన్ను నేను అంత బాగా చూసుకోలేదు. మా అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో, గంగిరెద్దులా ఆ తల ఊపడం ఏమిటే అని.

ఆసిఫా నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! వాళ్ళకి అట్లాడిస్తే లేదని అర్థం అక్కా! రోడ్డు వస్తాదా అని అడిగితే నువ్వు లేదంటివి!"

"నేను అవునన్నానే! మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నీ తల నాకు తెలుగులోనే వినపడె గదక్కా! నేను నిన్ను చూస్తి, వాళ్ళను చూడకపోతి!"

ఆ ముద్దు, ఆ కేరింత, ఆ ఆకుపచ్చ బిళ్ళలు. అన్నీ రోడ్డు రాదన్నందుకు. పిలకలు నష్టపరిహారం కోసం కాదు. ఆవిడ నిజంగానే తోట పెంచుకుంటోంది. నేను దగ్గరదగ్గరగా నాటమన్నాను.

చెప్పాల్సిందే. చెప్పించాను. ఆసిఫా చెబుతున్నంతసేపూ నేను ఆ మేకుల వంక చూస్తూ నిలబడ్డాను. అరుస్తుందనుకున్నాను. కర్ర ఎత్తుతుందనుకున్నాను. ఆవిడ మెల్లగా నాలుగు మాటలు అంది.

"నీ మాట పట్టుకోని నేను ఇంటింటికీ పోయి చెప్తి. ఆ పొద్దు గూడా వాళ్ళు నన్ను చూసి బిళ్ళలు అంటించినారు, నిన్ను చూసి కాదు. ఇప్పుడు నేను ఏ మొగం పెట్టుకోని తిరగాల? అంటాంది అక్కా."

మేకులన్నీ నా చేతిలో పోసి లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ ఇవ్వలేదు. ఈ దేశంలో కాఫీ ఇవ్వలేదంటే అంతకంటే తిట్టు లేదు.

అక్టోబర్ 9, గురువారం

తప్పు నాది కాదు. వాళ్ళు అడిగింది నాకు అర్థమే కాలేదు. అర్థం కాని ప్రశ్నకు జవాబు ఎలా చెబుతాను? చెప్పలేదు. ఊపాను. ఊపడం జవాబు కాదు.

అక్టోబర్ 10, శుక్రవారం

తప్పు ఆసిఫాది. దుబాసీ అన్నాక తలల్ని కూడా తర్జుమా చెయ్యాలి.

అక్టోబర్ 11, శనివారం

అసలు తప్పు దేవుడిది. మెడ ఇంత వదులుగా పెట్టినందుకు.

అక్టోబర్ 12, ఆదివారం

రావు గారికి చెప్పాను. తలుపు నేనే వేశాను. విని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ పగలబడి నవ్వారు. తర్వాత నవ్వు ఆపి అడిగారు.

"నువ్వు నోటితో ఏమైనా అన్నావా?"

"లేదు సర్."

"మినిట్స్‌లో తల ఊపావని ఉందా?"

"తల ఊపడం మినిట్స్‌లో ఎవరు రాస్తారు సర్?"

"మరింకేం కొంపలు మునిగిపోయాయమ్మా? బిళ్ళలు ఆకుపచ్చ. అంతే. రియాద్ కమిటీ ఇరవయ్యారున వస్తోంది. ఆ ఒరిజినల్ మ్యాపే గోడకి పెట్టమన్నారు. దేశం మొత్తానికి మోడల్ అంటున్నారు. ఇప్పుడు వెళ్ళి, అయ్యా, మా అమ్మాయి మెడ వదులు అని చెప్పమంటావా?"

"ఆవిడ తోట పోతుంది సర్."

"పోతుంది. డబ్బొస్తుంది. ఇండియాలో అయితే మనల్ని అడిగేవాళ్ళా? మా నాన్నగారి చెరుకు తోటలోంచి బైపాస్ వేసినప్పుడు పేపర్లో చూసి తెలుసుకున్నాం."

ఆ మాట అన్నాక ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. నాకు బాధనిపించింది. ఆ బాధ ఆయనను చూసి కాదు, అంత తెలిసి కూడా ఆయన ఇంకొకరికి అదే చేస్తున్నందుకు.

అయినా ఒప్పుకున్నాను. నోరు మూసుకుంటానన్నాను. తల ఊపలేదు, "సరే సర్" అన్నాను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

అక్టోబర్ 13, సోమవారం

కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదు. పెన్ను బాగాలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

పెన్ను బాగానే ఉంది.

అక్టోబర్ 19, ఆదివారం

ఆసిఫా మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడింది. పోమంటే పోలేదు.

"అక్కా, ఐన్ హమామా నుంచి ఒకామె క్లినిక్కుకు వచ్చిందంట, మా పాత సిస్టరు చెప్పె. ఉమ్ ఫహద్ ఇంటికి ఆడోళ్ళు పోవడం మానుకున్నారంట. ముసలామె బలదియాతో కుమ్మక్కై మనల్ని ఏమార్చింది, మనకు అబద్ధం చెప్పి బిళ్ళలు అంటించుకున్నది అనుకుంటాండారంట. సొంత చెల్లెలు గూడా మాట్లాడదంట."

"ఆవిడేం చేసింది పాపం?"

"అదే గదా నేను అడిగేది. చేసింది ఆమెనా?"

ఆసిఫా ఎప్పుడూ నన్ను ఆ గొంతుతో అడగలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, అందుకని ఆసిఫా మీదే అరిచాను. అరిచాక ఏడ్చాను. అది టిష్యూ ఇస్తూ "గమ్మునుండక్కా, అందరూ చూస్తాండారు" అంది.

తోట పోవడం ఒక ఎత్తు. ఆ వయసులో ఊళ్ళో మాట పోవడం ఇంకో ఎత్తు. నేను ఊపిన తలకి ఆవిడ తలవంపులు పడుతోంది.

"ఎల్లుండి మీటింగు పెట్టిస్తానని ఫోన్ చెయ్యి. అందరినీ పిలవమను. రాకపోతే నేనే ఇంటింటికీ వస్తానని చెప్పు."

"రావు సారుకు?"

"స్కానింగుకి తీసుకెళ్తున్నానని చెప్పి మ్యాపు పట్టుకొస్తా."

అక్టోబర్ 21, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అందరూ వచ్చారు. నా కోసం కాదు, తగవు చూద్దామని. గుమ్మంలో ఉమ్ ఫహద్ చెల్లెలు అక్క మొహం చూడకుండా పక్కనుంచి వెళ్ళి కూర్చుంది. నూరా కాఫీ పోస్తోంది. నాకు కూడా పోసింది.

నేను మ్యాపు విప్పి గోడకు అంటించి, అందరూ చూస్తుండగా ఆకుపచ్చ బిళ్ళలన్నీ ఒక్కొక్కటే పీకేశాను. పీకుతుంటే కాగితం లేచొచ్చింది. తర్వాత నిలబడి చెప్పాను. "ఉమ్ ఫహద్ మీకు అబద్ధం చెప్పలేదు. తప్పు నాది. మా దేశంలో అవునంటే ఇలా ఊపుతాం." ఊపి చూపించాను. "మీ దేశంలో ఇలా ఊపితే కాదని అర్థమని నాకు తెలియలేదు. రోడ్డు ఈ తోటలోంచే వస్తుందని ఆవేళ నేను అవునన్నాను, మీరు రాదని విన్నారు."

మూల నుంచి ఒక ముసలావిడ కిసుక్కుమంది. అంతే, ఇక ఆగలేదు. ఒకళ్ళకొకళ్ళు ఊపి చూపించుకుంటూ పడీపడీ నవ్వారు. ఉమ్ ఫహద్ చెల్లెలు నవ్వుతూనే లేచి వెళ్ళి అక్క తల మీద ముద్దు పెట్టి పక్కన కూర్చుంది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆసిఫాకి ఒక ఆజ్ఞ వేసింది.

"మీటింగు అయ్యేదాక నీ జడ పట్టుకోని కూర్చోమంటాంది అక్కా. తల కదలకుండా."

సభా మర్యాద అంటే అది. ఆసిఫా నా జడ పట్టుకుని వెనక కూర్చుంది. నేను ఈసారి రెండు గీతలూ చూపించాను. తోటలోంచి పోయే ఎర్రగీత. ఉప్పునేల చుట్టూ తిరిగి పోయే ఇంకో గీత. ఆ రెండో గీత మేమే మొదట్లో గీసి, ఖర్చెక్కువని కొట్టేశాం. అదీ చెప్పాను. ఇది తీసుకుంటే తోట పోతుంది, అది తీసుకుంటే తోట ఉంటుంది కాని ఆసుపత్రికి రెండింతల సేపు పడుతుంది. మీ ఇష్టం ఏదైతే అది నేను కమిటీకి చెబుతాను. ఎర్రగీతకు ఒప్పుకుంటే ఆకుపచ్చ బిళ్ళ, వద్దంటే ఎర్ర బిళ్ళ.

"తోట ఉండాల" అంది ఉమ్ ఫహద్ వెంటనే. ఆడవాళ్ళంతా అవునన్నారు, నోటితో. నాకు ఊపిరాడింది. ఎర్ర బిళ్ళలు పంచడానికి లేవబోయాను. ఆసిఫా జడ లాగింది.

నూరా కాఫీ కూజా నేల మీద పెట్టేసింది. ఆ ఇంట్లో మనుషులుండగా ఆ కూజా నేల మీద ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నాకూ ఒకటి ఇయ్యి, అంటాందక్కా. ఆకుపచ్చది."

నూరా తల వంచుకునే మాట్లాడింది. ఆసిఫా మెల్లగా, నా వెనక నుంచి, నా చెవిలో.

"నా మొదటి కాన్పు ఈ మట్టిబాటలోనే ఆయె. పికప్ బండిలో. గతుకు గతుకుకు నేను అరుస్తాంటి. తారురోడ్డు ఎక్కేసరికి బిడ్డ పుట్టింది. ఆడబిడ్డ. ఆసుపత్రికి పొయ్యేసరికి లేదు. ఉంటే ఈ ఏడు బడికి పొయ్యేది."

ఉమ్ ఫహద్ ఏదో అంది. ఆసిఫా గొంతు సవరించుకుంది.

"అల్లా రాసినాడు బిడ్డా, అంటాంది అత్త."

నూరా అప్పుడు తల ఎత్తి అత్తగారిని చూసింది.

"అల్లా రాసినాడు. సరే. రోడ్డు రాయాల్సింది బలదియా గదా, అంటాంది."

నేను నా కాళ్ళ వంక చూసుకుంటూ కూర్చున్నాను. ఈ ఊరికి రోడ్డు కావాలా అని నేను రెండుసార్లు వచ్చి అడిగాను. ఈమెను ఒక్కసారి కూడా అడగలేదు. కాఫీ పోయించుకున్నాను.

"రోడ్డు కావాలని ఇన్నాళ్ళూ నాకు చెప్పకపోతివే?" అంది ఉమ్ ఫహద్.

"నువ్వు అడగకపోతివి."

పెద్దావిడ కర్ర మీద గడ్డం ఆనించి నన్ను అడిగింది, ఎర్రగీత మీదుగా అయితే ఆసుపత్రికి ఎంతసేపు అని. కాఫీ చల్లారేలోపు వెళ్ళిపోవచ్చు అన్నాను. ఉప్పునేల చుట్టూ తిరిగితే? రెండు కాఫీలు. ఇప్పుడున్న బాటలో? నేను చెప్పలేదు. ఆవిడకి తెలుసు, ఆ రోజు ఆవిడ కూడా ఆ పికప్ వెనక భాగంలోనే, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట.

లేచింది. చెయ్యి చాపితే రెండు రంగుల బిళ్ళలూ ఇచ్చాను. ఎర్రది నాకు తిరిగి ఇచ్చేసింది. మ్యాపు మీద తన తోట ఎక్కడుందో కనిపించలేదు, కళ్ళలో నీళ్ళు. నూరా వెళ్ళి వేలు పెట్టి చూపించింది. అత్తగారు ఆ వేలి పక్కనే ఆకుపచ్చ బిళ్ళ అంటించింది. నూరాది దాని పక్కన.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆసిఫా జడ వదిలేసి తనూ ఏడ్చింది. తర్వాత ఒక్కొక్కరూ లేచారు. కొందరు ఎర్రవీ అంటించారు, చెల్లెలు కూడా. అందుకు అక్క ఏమీ అనలేదు.

అయిపోయిందనుకుని మ్యాపు తియ్యబోయాను. ఉమ్ ఫహద్ కర్ర అడ్డం పెట్టింది. మ్యాపు తనే ఊడదీసి, చుట్టచుట్టి, చంకలో పెట్టుకుంది.

"ఉత్త రోడ్డు ఇస్తే ఏం లాభం? ఊళ్ళోనే ఆంబులెన్సు ఉండాల. రాత్రీ పగలూ. ఇస్తామని స్టాంపు కొట్టిన కాగితం తెచ్చి ఈ మ్యాపు తీసుకపొమ్మంటాంది. మా తోట ఊరికే రాదు అంటాంది."

"ఆంబులెన్స్ ప్లానులో లేదని చెప్పవే."

చెప్పింది. పెద్దావిడ జవాబు కూడా చెప్పింది.

"అయితే నా బిళ్ళ నేను పీక్కుంటా, అంటాందక్కా. నీకంటే బాగా పీకుతాదంట, మేకులు పీకిన చెయ్యి."

అక్టోబర్ 22, బుధవారం

"మ్యాపేదమ్మా?"

"ఐన్ హమామాలో ఉంది సర్."

అంతా చెప్పాను. దాచలేదు. రావు గారు ముందు అరిచారు, తర్వాత కూర్చున్నారు, తర్వాత ఆశ్చర్యపోయారు. "అంటే, చివరికి రోడ్డు తోటలోంచే కదా? ఒప్పేసుకున్నారు కదా? ఈ సంబరానికి ఇంత రాద్ధాంతం ఎందుకు చేశావమ్మా? ఫలితం అదేగా!"

"అదే కాదు సర్. ఆంబులెన్స్ కావాలంటున్నారు."

"బడ్జెట్‌లో లేదు."

"ఆ మాట ఆవిడతో మీరే చెప్పండి సర్."

"నేనా? నేను ఇంతవరకూ ఆ ఊరెళ్ళలేదే!"

"తెలుసు సర్."

కమిటీ ఆదివారం. మ్యాపు ఉమ్ ఫహద్ చంకలో. ఆయన చాలాసేపు బల్ల మీద పెన్ను దొర్లించారు.

అక్టోబర్ 23, గురువారం

రావు గారూ, నేనూ, ఆసిఫా బయలుదేరాం. తారురోడ్డు దిగగానే ఆయన తల బండి పైకప్పుకి కొట్టుకుంది. "ఇదేం దారయ్యా?" అన్నారు. "ఇదే సార్, మన సర్వీస్ రోడ్" అన్నాడు ఇష్తియాక్.

ఉమ్ ఫహద్ తోట వాకిట్లో కుర్చీలు వేయించింది. నూరా నల్లటి ముసుగులో పక్కన నిలబడింది. పెద్దావిడ మ్యాపు మాట ఎత్తలేదు, ఆంబులెన్సు మాట ఎత్తలేదు. "మొన్న చెప్పింది ఈయనకు గూడా చెప్పు" అని కోడలితో అంది. నూరా చెప్పింది. మొన్నటికంటే పొట్టిగా, మొన్నటికంటే గట్టిగా. ఆసిఫా తెలుగులో చెప్పింది.

రావు గారు బడ్జెట్ గురించి ఏమీ అనలేదు. ఫైలు తెరవలేదు. కాఫీ తాగారు, గిన్నె ఎలా కదిలించి ఇవ్వాలో తెలియక తాగుతూనే ఉన్నారు, చివరికి నూరాయే జాలిపడి ఆపింది. మేం లేచాం. మ్యాపు అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు.

తిరిగొస్తుంటే నా కాంట్రాక్టు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పోతే పోతుంది. మట్టిబాట సగానికి వచ్చాక ఆయన ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండా అడిగారు.

"ఆ ఆంబులెన్స్ పాయింట్ ఎక్కడ పెడదామమ్మా? ఊరి మొదట్లోనా, తోట అవతలా?"

"నన్నడుగుతారేంటి సర్?" అన్నాను.

ఆయన ఇష్తియాక్‌ను బండి వెనక్కి తిప్పమన్నారు.